ఆరు లక్షలు, ఏడుగురు, ఒక పాత డీజిల్ బండి

పోయిన ఏడాది మొదటి ఆరు నెలల్లో మా బాపు ఇంటి గేటు దాటింది నాలుగేసార్లు. నాలుగుసార్లూ హైదరాబాద్ ఆస్పత్రికే. 2023లో పక్షవాతం వచ్చిన తర్వాత ఆయన ఎడమ కాలు సరిగ్గా లేవదు. బస్సు మెట్టు ఎక్కలేడు. దోమకొండ నుంచి కిరాయి కారు మాట్లాడితే వచ్చేది ఏ బండో తెలియదు. ఒకసారి ఎత్తు బండి వచ్చింది. నేను, డ్రైవర్ చెరో పక్క పట్టి బాపును పైకి లేపి సీట్లో కూర్చోబెట్టినం. వాడకట్టు మొత్తం చూస్తోంది. ఆ రోజు బాపు దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక మాత్రం ఒక్క మాట అన్నడు: "సంచి లెక్క ఎత్తేస్తున్నరు రా నన్ను."

తర్వాతి చెకప్‌కి రానన్నడు.

అదే టైమ్‌లో మా బావ పదకొండేళ్ల గల్ఫ్ కొలువు ముగించుకుని వచ్చిండు. చేతిలో మిగిలింది ఏడు లక్షలు. అక్క ఆ డబ్బుతో ఇంకో గది వేద్దామంది. బావ మాత్రం "ముందు బండి కొందాం బామ్మర్ది" అన్నడు. ఇంట్లో అమ్మ, బాపు, అక్క, బావ, ఇద్దరు పిల్లలు, నేను. ఏడుగురం. అంటే ఏడు సీట్ల బండి కావాలి. కొత్తది మన రేంజ్ కాదు. సెకండ్ హ్యాండే దిక్కు.

ఇక్కడే అసలు భయం మొదలైంది. ఫోన్ పాతదైతే పోతే పదివేలు. కారు తప్పుగా ఎంచుకుంటే పదకొండేళ్ల ఎండలో సంపాదించిన డబ్బు ఒక్క ఇంజిన్ పనికే పోతుంది. అందుకే రెండున్నర నెలలు తిరిగినం. పదిహేడు బండ్లు చూసినం. మీ ఇంట్లో కూడా ఇలాంటి ఆలోచన ఉంటే మేం నేర్చుకున్నది మీకు పనికొస్తుంది. యాడ్‌లు చూసేది మనమే, ఇంట్లో పెద్దవాళ్లు "నువ్వు ఫోన్‌లో చూసి చెప్పు బిడ్డా" అని వదిలేసేది కూడా మన మీదే కదా!

డీజిలే ఎందుకు?

అందరూ ఎలక్ట్రిక్ అంటుంటే నువ్వు డీజిల్ అంటవేంది అని దోస్తులు నవ్వారు. నేను నోట్స్ యాప్ తెరిచి లెక్క రాసిన.

బావ కామారెడ్డిలో ఎలక్ట్రికల్ పనులు పట్టిండు. ఆ పని ఈ పని కలిపి రోజుకు సుమారు 35 కిలోమీటర్లు. ఏడాదిలో 280 రోజులు వేసుకుంటే 9,800. నెలకు రెండుసార్లు హైదరాబాద్, రానుపోను 220 చొప్పున ఏడాదికి 5,280. మొత్తం 15 వేల కిలోమీటర్లు.

ఆ రోజు లీటరు పెట్రోలు 107 రూపాయలు, డీజిల్ 95 అనుకున్నా. నిండుగా మనుషులున్న ఏడు సీట్ల పెట్రోలు బండి 14 ఇస్తే, డీజిల్ బండి 18 ఇస్తుందని పెట్టుకున్నా. పెట్రోలుకు కిలోమీటరుకు 7 రూపాయల 64 పైసలు. డీజిల్‌కు 5 రూపాయల 28 పైసలు. తేడా 2 రూపాయల 36 పైసలు. ఏడాదికి 35 వేల రూపాయలు మిగులుతాయి. మా ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

కానీ ఒక్క మాట. మీ వాడకం ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లే అయితే మిగిలేది 14 వేలు. ఒక్క ఇంజెక్టర్ పోయినా, టర్బో మొరాయించినా అంతకు మించి ఖర్చవుతుంది. వారానికోసారి కూరగాయలకు తీసే బండికి డీజిల్ వద్దు. పెట్రోలు తీసుకోండి, ప్రశాంతంగా ఉండండి.

ఇంకో ముఖ్యమైన విషయం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్6 నిబంధన వచ్చింది. దానితో డీజిల్ కార్ల పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ చేరింది. అది మసిని పట్టి ఉంచి, బండి కాసేపు స్పీడుగా వెళ్లినప్పుడు ఆ వేడికి కాల్చేస్తుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి ఆ వేడి రాదు. ఫిల్టర్ పూడుకుపోతుంది, డ్యాష్‌బోర్డు మీద లైట్ వెలుగుతుంది. బీఎస్6 డీజిల్ కొనేవాళ్లు బండిని అప్పుడప్పుడు హైవే మీద నడపాలి. మాకు భిక్కనూర్ దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారి ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ మా ఆరు లక్షల బడ్జెట్‌కు వచ్చేవన్నీ అంతకు ముందరి బీఎస్4 బండ్లే.

ఏ బండి?

యూరప్‌లో కుటుంబానికి డీజిల్ బండి అంటే ఎస్టేట్ కారు. సెడాన్‌కే పైకప్పును వెనకదాకా సాగదీసి, డిక్కీని గదిలా చేసిన బండి అన్నమాట. మన దగ్గరా ఆ ప్రయత్నం జరిగింది. టాటా వాళ్లు 1992లో టాటా ఎస్టేట్ అనే పేరుతోనే ఒకటి తెచ్చారు. 2004లో ఇండిగో మెరీనా తెచ్చారు. రెండూ నిలబడలేదు. మనకు సామాన్ల కంటే మనుషులు ఎక్కువ! డిక్కీ ఉండే చోట ఇంకో వరుస సీట్లు వేసిన బండే మన ఎస్టేట్ అయింది. క్వాలిస్ వచ్చింది, దాని స్థానంలో 2005లో ఇన్నోవా వచ్చింది. 2012లో ఎర్టిగా వచ్చింది.

మా లిస్టులో నాలుగు మిగిలాయి.

ఇన్నోవా. పాత 2.5 డీజిల్ ఇంజిన్ గట్టిదని ఊళ్లో ఎవరినడిగినా చెప్తరు. అబద్ధం కాదు. కానీ ఆ పేరుకే సగం ధర. ఆరు లక్షలకు దొరికినవి 2012, 2013 బండ్లు, అవి కూడా మూడు లక్షల కిలోమీటర్ల దగ్గర ఉన్నవి. ఈ ఇంజిన్‌లో టైమింగ్ బెల్ట్ ఉంటుంది. దాన్ని టైమ్‌కి మార్చారో లేదో బిల్లు చూడకుండా కొనొద్దు. అది తెగితే ఇంజిన్ లోపల విధ్వంసమే.

బొలెరో. మన రోడ్లకు ఎదురులేదు. ఏ ఊళ్లోనైనా రిపేరు చేస్తారు. కానీ ఎత్తు. బాపు కాలు గుర్తొచ్చి పక్కన పెట్టేసినం.

టవేరా. లోపల చోటు బాగుంటుంది, ధర బాగా తక్కువ. అయితే ఆ కంపెనీ 2017 చివరకే మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఇప్పుడు ఒక్కో పార్టు కోసం ఒక్కో ఊరు తిరగాలి. తక్కువ ధరకు అదే కారణం.

ఎర్టిగా డీజిల్. ఇందులో ఉండేది 1.3 లీటర్ల ఫియట్ మల్టీజెట్ ఇంజిన్. స్విఫ్ట్, డిజైర్, టాటా విస్టా, మాంజా, ఫియట్ పుంటో, లీనియా... ఎన్ని బండ్లలో ఈ ఇంజిన్ నడిచిందో లెక్కలేదు. బెల్ట్ బదులు చైన్ ఉంటుంది. మారుతి 2020లో డీజిల్ పూర్తిగా మానేసినా, ఈ ఇంజిన్ తెలియని మెకానిక్ మన వైపు లేడు. పైగా బండి ఎత్తు తక్కువ. లోటు కూడా చెప్పాలి. మూడో వరుస పిల్లలకే. ఆ సీట్లు వాడితే వెనక బ్యాగులకు చోటు మిగలదు.

పాత బండి కొనేటప్పుడు కంపెనీ కంటే ముందు రెండు ప్రశ్నలు అడుక్కోండి. ఈ పార్టులు మా జిల్లాలో దొరుకుతాయా? దీన్ని విప్పి బిగించే మనిషి మాకు దగ్గర్లో ఉన్నడా?

ఫోన్‌లోనే సగం పని

యాడ్‌లో నంబర్ ప్లేట్ దాచి ఫొటో పెడతారు. నంబర్ అడగండి. ఇవ్వకపోతే ఆ బండి మర్చిపోండి. ఇస్తే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా లేదా అన్నీ కనిపిస్తాయి. తర్వాత ఈ-చలాన్ సైట్‌లో ఎన్ని ఫైన్లు పెండింగో చూడండి.

ప్లేట్ చూసి కూడా కొంత చెప్పొచ్చు. ఏపీ 25 అంటే రాష్ట్రం ఏర్పడక ముందరి నిజామాబాద్ బండి. టీఎస్ 16 అంటే నిజామాబాద్, టీఎస్ 17 అంటే 2016లో కామారెడ్డి జిల్లా అయ్యాక వచ్చినది. 2024 మార్చి నుంచి టీజీ మొదలైంది.

సొంత కారుకు ఆర్సీ 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ ఫీజు ఐదు వేలైంది, పైగా గ్రీన్ టాక్స్. కాబట్టి 2012 బండి కొంటే మీకు మిగిలేది 2027 దాకానే అని గుర్తుపెట్టుకుని బేరం ఆడండి.

ఢిల్లీ బండ్ల సంగతి వేరు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దని 2015లో ఎన్జీటీ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే బలపరిచింది. అందుకే అక్కడి బండ్లు లక్ష, లక్షన్నర తక్కువకు మన దగ్గర కనిపిస్తుంటాయి. అన్నీ చెడ్డవని కాదు. అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ రావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి, కొత్త నంబర్ తీసుకోవాలి. ఇవన్నీ కలిపితే ఆ తక్కువ ధర ఎక్కడికి పోయిందో కనిపించదు.

సీట్ బెల్ట్ చెప్పిన నిజం

మా వెతుకులాటలో అందరం పడిపోయిన బండి ఒకటుంది. 2017 ఎర్టిగా. తెల్లది. ధర 4 లక్షల 80 వేలు. మార్కెట్ కంటే లక్షకు పైగా తక్కువ. హైదరాబాద్‌లో ఒక యార్డులో ఉంది. లోపల కొత్త కార్పెట్, కొత్త సీట్ కవర్లు, అత్తరు వాసన. "డాక్టర్ గారి బండి సార్, ఆస్పత్రికి ఇంటికి తప్ప తిరగలే" అన్నడు అమ్మే ఆయన. ఇట్లాంటి డాక్టర్లను మేం అప్పటికే నలుగురిని విన్నం.

నేను దాదాపు టోకెన్ ఇవ్వబోయిన. బావ మాత్రం వెనక సీట్లో కూర్చుని సీట్ బెల్ట్ లాగుతున్నడు. లాగిండు, ఇంకా లాగిండు, మొత్తం చివరిదాకా లాగిండు. ఆఖరి జానెడు గుడ్డ మీద గోధుమ రంగు చార. గీత గీసినట్టు.

ఎవరూ బెల్ట్‌ను అంతదాకా లాగరు. కడిగేవాళ్లు కూడా లాగరు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ బురద మిగిలిపోయింది.

ముందు సీటు కింద చెయ్యి పెడితే పట్టాలకు తుప్పు. హెడ్‌లైట్ అద్దం లోపల తేమ. కార్పెట్ మూల లేపితే కింద స్పాంజ్ ముక్క వాసన. ఇదేంది అన్నా అని అడిగితే "నిమజ్జనంలో పిల్లలు బురద కాళ్లతో ఎక్కిండ్రు" అన్నడు. పిల్లలు సీట్ బెల్ట్ లోపలికెట్ల ఎక్కిండ్రో చెప్పలేదు!

మాకు ఆ చార కొత్త కాదు. 2025 ఆగస్టు 27, వినాయక చవితి రోజు. మా జిల్లాలో పడిన వాన ఊళ్లో ముసలివాళ్లు కూడా చూడలేదన్నరు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. కామారెడ్డి కాలనీల్లో కార్లు కాగితం పడవల్లా పోతున్న వీడియోలు మీరూ ఫోన్‌లో చూసే ఉంటారు. ఆ నీళ్లు తీసిన తర్వాత చాలా ఇళ్ల గోడల మీద అచ్చం అలాంటి గీతే మిగిలింది. అంతకు ముందు 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ. మునిగిన బండ్లన్నీ తుక్కుకు పోవు. కొన్ని కడిగించుకుని, అత్తరు పూసుకుని యాడ్‌లోకి వస్తాయి.

నీళ్లు తాగిన బండి మొదట్లో బాగానే నడుస్తుంది. ఆరు నెలలకు వైర్ల జాయింట్లు పచ్చబడి, ఒక్కో సెన్సర్ చచ్చిపోవడం మొదలవుతుంది. కాబట్టి ఏ బండి చూసినా మొదట సీట్ బెల్ట్ లాగండి. రూపాయి ఖర్చులేని పరీక్ష. మా బావ ఏడు లక్షలను కాపాడింది అదే.

చల్లటి ఇంజిన్ అబద్ధం ఆడదు

యార్డుల మీద మనసు విరిగి, నేరుగా ఓనర్ల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టినం. ఊళ్లోని మెకానిక్ అన్నను వెంట తీసుకుపోయినం. రోజుకు 1,500 ఇచ్చినం. ఆ డబ్బు ఇవ్వడానికి వెనకాడొద్దు. ఆయన నేర్పినవి ఇవి.

పొద్దున్నే పోవాలి. బండి స్టార్ట్ చేసి పెట్టొద్దని ముందే చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే మన కోసం ముందే వేడి చేశారన్నమాట. డీజిల్ ఇంజిన్ జబ్బు చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది.

స్టార్ట్ చేశాక వెనక పొగ చూడాలి. మొదటి క్షణాల్లో కాస్త పొగ మామూలే. నల్లటి పొగ ఆగకుండా వస్తే ఇంజెక్టర్లో, గాలి దారిలోనో తేడా. నీలం రంగు వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, టర్బో సీల్ కావచ్చు, రింగులు కావచ్చు. తెల్ల పొగ వేడెక్కాక కూడా తగ్గకపోతే కూలెంట్ లోపలికి పోతుందేమో చూడాలి.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత మెల్లగా వదులు చేసి అక్కడే ఆనించి పెట్టాలి. మూత కొద్దిగా వణికితే పర్లేదు. కుక్కర్ విజిల్ లెక్క ఎగిరెగిరి పడుతూ పొగ తన్నుకొస్తే ఇంజిన్ లోపల అరిగిపోయింది. బేరం అక్కర్లేదు, నమస్తే పెట్టి రావాలి.

డిప్‌స్టిక్ మీద డీజిల్ ఆయిల్ నల్లగానే ఉంటుంది, భయపడొద్దు. పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటేనే భయపడాలి. నీళ్లు కలిశాయని అర్థం.

టైర్ పక్కన నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. 40 వేలే తిరిగిందని చెప్పే బండికి మూడో సెట్ టైర్లు ఎందుకుంటాయి? బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా అయి, స్టీరింగ్ తోలు ఊడిపోయి, మీటర్ మాత్రం 60 వేలు చూపిస్తుంటే మీటర్‌ను నమ్మాలా, పెడల్‌ను నమ్మాలా? పెడల్‌ను నమ్మండి.

ఒక 2014 బండి మీటర్ 62 వేలు చూపించింది. సర్వీస్ రికార్డు చూపించమని పట్టుబడితే, 2021లోనే 1,34,000 దాటినట్టు ఉంది. అందుకే నా మాట ఏందంటే, రికార్డు ఉన్న లక్షన్నర కిలోమీటర్ల బండి, రికార్డు లేని అరవై వేల బండి కంటే మంచిది. ఎక్కువ తిరిగిన డీజిల్ చెడ్డది కాదు. టైమ్‌కు ఆయిల్ మార్చని డీజిల్ చెడ్డది.

టాక్సీగా తిరిగి తెల్ల ప్లేట్‌లోకి మారిన బండ్లను కూడా కనిపెట్టాలి. పైన క్యారియర్ బిగించిన రంధ్రాలు, డ్యాష్‌బోర్డు కింద తెంపేసిన జీపీఎస్ వైర్లు, మధ్య వరుస సీట్లు గుంట పడి ఉండటం. తప్పేం కాదు, కానీ ధర ఆ లెక్కన ఉండాలి.

చివరి పరీక్ష బాపుది

పదిహేడో బండి నిజామాబాద్‌లో దొరికింది. 2016 ఎర్టిగా డీజిల్, మొదటి ఓనర్, 1,18,000 కిలోమీటర్లు. రిటైరైన టీచర్. బిల్లులన్నీ ఒక ఫైల్‌లో తారీఖుల వారీగా పెట్టుకున్నడు. ఎడమ పక్క డోర్ మీద గీతలున్నాయి. "మా మనుమడు సైకిల్‌తో గీసిండు, దాచలేదు" అన్నడు. ఆ గీతలు చూశాకే నాకు నమ్మకం కుదిరింది. మెకానిక్ అన్న స్కానర్ పెట్టి చూసిండు. ఫాల్ట్ ఏదీ లేదు. క్లచ్ ఇంకో ఏడాది వస్తదన్నడు.

అప్పుడు బావ అడిగిండు. "సార్, ఏమనుకోకుండ్రి. మా మామను ఒక్కసారి కూర్చోబెట్టి చూడాలె. దోమకొండ దాకా తెస్తరా?"

ఆయన ఆదివారం తెచ్చిండు. బాపు అరుగు మీద కూర్చుని ఉన్నడు. "నాకోసం బండెందుకు రా" అని మొదలుపెట్టిండు మళ్లీ. ముందు డోర్ తెరిచినం. ఎవరం పట్టుకోలేదు. కర్ర నాకిచ్చి, ముందు నడుము సీటు మీద ఆనించి కూర్చున్నడు. కుడి చెయ్యితో పైన హ్యాండిల్ పట్టుకుని, కుడి కాలు లోపల పెట్టిండు. ఎడమ కాలును చేత్తో ఎత్తుకుని లోపలికి తెచ్చుకున్నడు. నిమిషం పట్టిందేమో. తర్వాత డోర్ ఆయనే వేసుకున్నడు.

అమ్మ కళ్లు తుడుచుకుంది. బావ నా వంక చూసి, "అయిపాయె బామ్మర్ది, ఇదే" అన్నడు.

యాడ్‌లలో మైలేజ్ రాస్తారు, టచ్‌స్క్రీన్ సైజు రాస్తారు. సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ఎవరూ రాయరు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను ఒకసారి కూర్చోబెట్టి చూడకుండా బండి కొనకండి. మేం ఆ పని పదిహేడో బండికి చేసినం. మొదటి బండికే చేయాల్సింది.

కోట చుట్టూ ఒక రౌండ్ వేసినం. అంత పాత బండికి ఆరు లక్షలా అని నేను గొణిగితే బావ గడికోట వైపు చూపించిండు. "పాతదైతే ఏంది? మంచిగ చూసుకున్నరు కాబట్టే మన కోటకు 2022ల యునెస్కో అవార్డు రాలే?" ఆ మాటకు టీచర్ గారు కూడా నవ్విండు. ఆరు అరవై చెప్పిన ధర ఐదు తొంభై ఐదుకు తెగింది.

కాగితం పూర్తయ్యేదాకా బండి మనది కాదు

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. 2018లో నా పాత బైక్ అమ్మిన. డబ్బులు తీసుకుని, ఫారాల మీద సంతకం పెట్టి చేతులు దులుపుకున్న. కొన్నవాడు పేరు మార్చుకోలేదు. మూడేళ్లపాటు నేను ఎప్పుడూ పోని ఊళ్ల నుంచి చలాన్లు నా ఫోన్‌కు వచ్చాయి. అది చలాన్లతో పోయింది కాబట్టి నవ్వుకుంటున్న. అదే ఏడాది ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వాళ్లే బాధ్యులు. అమ్మేవాళ్లకూ ఇది ముఖ్యమే.

ఈసారి అట్ల కానివ్వలేదు. యాప్‌లో చూస్తే టీచర్ గారి బండి మీద ఫైనాన్స్ ఇంకా కనిపిస్తోంది. "లోన్ ఎప్పుడో కట్టేసిన బిడ్డా" అన్నడు. నిజమే, కానీ ఆర్సీలోంచి తీయించలేదు. బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 ఇచ్చి అది తీయించేదాకా పదివేల టోకెన్ తప్ప ఇవ్వలేదు. ఆయన కూడా ఏమనుకోలేదు. తర్వాత ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు. డబ్బంతా బ్యాంకు ద్వారానే. బండి అప్పగించిన తేదీ, టైమ్ రాసి ఇద్దరం సంతకం చేసినం. అమ్మినవాళ్లు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు కూడా 14 రోజులే. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మనకు రాదు, ఆయనకే ఉంటుంది.

ఏడు లక్షల్లో ఆరే బండికి అని ముందే అనుకున్నం. అది మంచిదైంది. నాలుగు టైర్లు 22 వేలు. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ప్యాడ్లు 14,500. బ్యాటరీ 6,500. ఇన్సూరెన్స్ 17 వేలు. మొత్తం 60 వేలు. ఎంత మంచి పాత బండైనా వచ్చిన నెలలో పది శాతం అడుగుతుంది. మీ దగ్గరున్న మొత్తమంతా ఓనర్ చేతిలో పెట్టి ఖాళీ జేబుతో ఇంటికి రాకండి.

బావకు ఇంకో ఆలోచన వచ్చింది. ఖాళీగా ఉన్నప్పుడు పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుదామని. వద్దన్న. తెల్ల ప్లేట్ బండిని కిరాయికి తిప్పడం చట్టం ఒప్పుకోదు. దారిలో ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయొచ్చు. వెయ్యి రూపాయల గిరాకీ కోసం ఇల్లు పణంగా పెట్టినట్టే. కాసేపు అలిగిండు, తర్వాత ఒప్పుకున్నడు.

బండి వచ్చి నాలుగు నెలలైంది. ఐదు వేల కిలోమీటర్లు తిరిగింది. లీటరుకు 17 చిల్లర ఇస్తోంది. నా లెక్కకు కొంచెం తక్కువే. ఏసీ వేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆయాసపడుతుంది. అక్క ఇప్పటికీ గది సంగతి ఎత్తుతూనే ఉంటుంది.

మొదటి ట్రిప్ ఆస్పత్రికే అనుకున్నం. బాపు ఒప్పుకోలేదు. ఎల్లారెడ్డిలో ఆయన చెల్లెలు ఉంటది. కాలు పడిపోయినప్పటి నుంచి వాళ్లింటికి పోలేదు. "ముందు చెల్లె దగ్గరికి తోలు. ఆస్పత్రి యాడికి పోతది" అన్నడు. పోయినం. మా మేనత్త ఉరికొచ్చి, డోర్ తీసి చెయ్యి అందించబోయింది.

"ఆగు ఆగు, నేనే దిగుత" అన్నడు బాపు.